బేసిక్ కోర్సు అయ్యాక ఏసీఎంఈనా, ఫైమరా?

చెన్నై మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే మన తెలుగువాళ్లు బోధన పద్ధతులు నేర్పే బేసిక్ కోర్సు ముగించాక అడిగేది ఒకటే: తర్వాత ఏసీఎంఈనా (వైద్యబోధనలో అడ్వాన్స్‌డ్ కోర్సు), ఫైమర్ ఫెలోషిప్పా (అదే పేరున్న అంతర్జాతీయ వైద్యవిద్యా సంస్థది)?

ముందు ప్రమోషన్ సంగతి. 2022 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి అడిగినవి నాలుగేళ్ల సర్వీసు, రెండు పరిశోధన పేపర్లు, బేసిక్ కోర్సు, బయోమెడికల్ రీసెర్చ్ కోర్సు. (ఈ చివరిది చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థే ఆన్‌లైన్లో నడుపుతుంది.) ఏసీఎంఈ లేదు, ఫైమరూ లేదు. కేవలం ప్రమోషన్ కోసమైతే రెండూ దండగే.

ఏసీఎంఈ ఎన్‌ఎంసీదే, ఏడాదిలో అయిపోతుంది. పోరూరు శ్రీరామచంద్ర మెడికల్ కాలేజీలో దీన్ని నడిపే నోడల్ సెంటర్ ఉంది కాబట్టి ఊరు దాటక్కర్లేదు. కాలేజీలో టీచర్లకు శిక్షణనిచ్చే మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ చూసుకోవాలనుకునేవారికి ఇది చాలు.

ఫైమర్ రెండేళ్లు. మనకు దగ్గరిది కోయంబత్తూరు పీఎస్‌జీ మెడికల్ కాలేజీలో, 2007 నుంచి. మన బోధన మీద మనమే చేసే ప్రాజెక్టు రెండింట్లోనూ ఉంటుంది గానీ ఫైమర్‌లో అంత తేలిగ్గా వదిలిపెట్టరు. ఫిజియాలజీ ప్రాక్టికల్లో బీపీ చూడటమే తీసుకోండి. “బాగానే చూశాడు” అని మార్కులు వేసేయకుండా, కఫ్ ఎక్కడ కట్టాడు, ఎదుటి మనిషికి ముందే చెప్పాడా, నాడి పట్టి చూశాకే స్టెతస్కోపు పెట్టాడా అని చెక్‌లిస్టు రాయాలి. దానికి తోటి టీచర్లను ఒప్పించాలి. అసలు కష్టం అక్కడే, మన డిపార్ట్‌మెంట్ల సంగతి తెలిసిందేగా! నేరుగా కలిసే తరగతుల మధ్య నెలల్లో ఆన్‌లైన్ చర్చల్లో వేరే కాలేజీలవాళ్లు మీ ప్రాజెక్టును ఉతికి ఆరేస్తారు. ఆ పరిచయాల్లోంచే తర్వాత పేపర్లు పుడతాయి.

నన్నడిగితే, ఇంట్లో చిన్నపిల్లలు, నెత్తిమీద ఓపీ డ్యూటీలు ఉంటే ఏసీఎంఈ. హెచ్‌ఓడీ గొణక్కుండా సెలవిచ్చే మనిషైతే ఫైమరే.