తెల్లదోమ కోసం కొన్న జేబు మైక్రోస్కోప్

కిందటి వేసవిలో మా కోనసీమ తోటలో కొబ్బరి మట్టలు మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఆకు రసం పీల్చే తెల్లదోమ పనే అని అందరికీ తెలుసు, ఏ తెల్లదోమో తెలియదు. మామయ్యగారు వెంటనే మందు కొట్టిద్దామన్నారు. ముందు పురుగును చూద్దామని ఫోనుకు తగిలించే 60 రెట్ల మైక్రోస్కోప్ ఆన్‌లైన్‌లో 480 రూపాయలకు తెప్పించాను.

కొబ్బరికాయల దింపు రోజు కిందపడిన మట్టల ఆకులు తిరగేసి అరుగు మీద పెట్టుకుని చూశాను. మొదటి అరగంట ఫోకస్ కుదరక చిరాకేసింది. చెయ్యి వణికితే అంతా మసకే. ఆకును అట్టముక్క మీద టేపుతో అంటించాక కుదిరింది.

రెండు రకాలున్నాయి! ఒకటి రెండున్నర మిల్లీమీటర్ల పెద్దది, రెక్కల మీద లేత గోధుమరంగు మచ్చలు, గుడ్లు చుట్టలు చుట్టలుగా. అది మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ. రెండోది మిల్లీమీటరే ఉంటుంది, రెక్కల మీద ఇంటూ గుర్తులాంటి బూడిదరంగు చారలు, దూదితో కట్టిన పిట్టగూడులాంటి దాంట్లో కూర్చుంటుంది. అది బోండార్ గూడు తెల్లదోమ.

నాకు డబ్బు గిట్టింది మాత్రం ఖాళీ ప్యూపా గుల్లలు (రెక్కలు రాకముందు పురుగు ఉండే పెంకులు) చూసినప్పుడు. దోమ బయటికొస్తే గుల్ల టీ ఆకారంలో చీలుతుంది. దోమను తిని లోపల పెరిగిన ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు వస్తే గుండ్రటి కన్నం ఉంటుంది. ఒక ఆకు మీద 40 గుల్లలు లెక్కపెడితే 23 గుండ్రటి కన్నాలే. మామయ్యగారికి ఫోన్‌లో చూపించాను. మందు కొడితే ఈ మిత్రపురుగులూ చచ్చిపోతాయని ఆయనే ఆపేశారు. చిన్న మొక్కలకు మాత్రం ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టించాం.

దీనితో కానిదీ ఉంది. జాతిని కచ్చితంగా తేల్చేది రెక్కల దోమ కాదు, ప్యూపా గుల్ల. సర్పిలాకార దోమ శాస్త్రీయ నామంలో ‘ముడతల మూత’ అన్న అర్థమే ఉంది. ఆ ముడతలు చూడాలంటే గుల్లను స్లైడ్ మీద పరిచి పెద్ద మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. అందుకే ఆకులు కవరులో పెట్టి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి తీసుకెళ్లాను.

లైటు బాగుంది. క్లిప్పు మూడో నెలకే వదులైంది, రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాను. చెట్ల మధ్య తిరుగుతూ చూడటానికి 60 రెట్లు ఎక్కువ, 10 రెట్ల భూతద్దం కూడా జేబులో ఉండాలి. కొబ్బరి రైతులు ధైర్యంగా కొనుక్కోవచ్చు. బటన్ సెల్స్ మాత్రం ఒక జత అదనంగా తెచ్చుకోండి.