కోవిడ్ మొదటి ఏడాదిలో తిరుపతిలో ఉచిత టీబీ చికిత్స: ఒక కుటుంబం సమీక్ష

ప్రభుత్వం ఉచితంగా అందించే క్షయ చికిత్స సేవను కోవిడ్ మొదటి ఏడాదిలో తిరుపతిలో మా కుటుంబం దగ్గర నుంచి చూసింది. 2020 వేసవిలో మా మేనత్తకు ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు తేలింది. ఆరు నెలల మందులూ నగరంలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం ద్వారానే వాడించాము. మందులు అందించిన తీరుకు నేను నిండు మనసుతో మంచి మార్కులు వేస్తాను. రోగాన్ని గుర్తించడంలో జరిగిన జాప్యానికి మాత్రం వేయలేను.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిపోతున్న బరువు క్షయ లక్షణాలని ఆరోగ్య కేంద్రాల గోడల మీద ఏళ్లుగా రాసి ఉంటుంది. అయినా ఆ రోజుల్లో దగ్గు అనగానే అందరి ఆలోచనా కరోనా వైపే పోయింది. మేనత్తకు కరోనా లేదని తేలగానే ఒక ప్రైవేటు క్లినిక్‌లో దగ్గు మందు రాసి పంపేశారు. తెమడ పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. దీనికి కారణాలు లేకపోలేదు. క్షయను పట్టే ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలనే కరోనా పరీక్షలకూ వాడవలసి వచ్చింది, టీబీ సిబ్బందిలో చాలామంది కోవిడ్ విధుల్లోకి వెళ్లారు, రుయా, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల మీద కోవిడ్ రోగుల భారం పడింది. దగ్గుతున్నట్టు తెలిస్తే క్వారంటైన్‌కు తీసుకుపోతారని, వీధికి అడ్డంగా కట్టెలు కడతారని జనం రోగాన్ని దాచుకున్న మాటా నిజమే. దేశంలో 2019లో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదు కాగా, 2020లో ఆ సంఖ్య 18 లక్షలకు పడిపోయింది. అంత తేడా రావడానికి కారణం రోగం తగ్గడమని నమ్మేవారు ఎవరూ లేరు. పరీక్షకు రానివారు, వచ్చినా పరీక్ష జరగనివారు ఆ లెక్కలో లేకుండా పోయారు. కోవిడ్ రోగులకు టీబీ, టీబీ రోగులకు కోవిడ్ పరీక్ష కూడా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది ఆ ఏడాది ఆగస్టులో. ఆ సూచన వేసవిలోనే అమలై ఉంటే మేనత్త ఇంట్లోని పిల్లలు అన్ని రోజులు ఆమె దగ్గుకు ఎదురుగా కూర్చుని అన్నం తినేవారు కారు.

రోగం తేలిన నాటి నుంచి కథ మారింది. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ నిక్షయ్‌లో పేరు నమోదైంది, బరువును బట్టి రోజుకు ఎన్ని మాత్రలో నిర్ణయించారు, మొదటి రెండు నెలలకు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తరువాతి నాలుగు నెలలకు మూడు మందులు కలిసినవి ఇచ్చారు. బస్సులు లేవు, వీధి కంటైన్‌మెంట్ జోన్‌లో ఉంది. అయినా ఒకేసారి నెలకు సరిపడా స్ట్రిప్పులు ఆశా కార్యకర్త గుమ్మం దాకా తెచ్చి ఇచ్చింది. "అక్కా, మూత్రం ఎర్రగా పోతే భయపడబాకండి, అది మాత్ర రంగే" అని ఆమె ముందే చెప్పి ఉండకపోతే మేనత్త రెండో రోజే మందు మానేసి ఉండేది. ఏఎన్ఎం ఫోన్ చేసి ఆకలి ఎలా ఉంది, కళ్లు పచ్చబడ్డాయా, చూపు మసకబారుతోందా అని అడిగేది. ఈ మందుల వల్ల కాలేయానికి, కంటికి రాగల ఇబ్బందులను తొలి దశలోనే పట్టుకోవడానికి ఆ ప్రశ్నలు ఎంతో అవసరం. ఇంట్లో అయిదేళ్ల లోపు పాపను కూడా పరీక్షించి, జబ్బు లేదని చూశాక ముందుజాగ్రత్తగా క్షయ రాకుండా వాడే ఐసోనియజిడ్ అనే మందు మొదలుపెట్టారు. తన ఇంట్లో చిన్నపిల్లలు ఉండి కూడా ఆ ఆశా కార్యకర్త మా వీధికి రావడం మానలేదు, ఆ రుణం మాకు తీరేది కాదు.

పాత చిత్తూరు జిల్లా వాళ్లకు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం (క్షయ రోగులను ఉంచి చికిత్స చేసే ఆసుపత్రి) గుర్తుకొస్తుంది. ఒకప్పుడు రోగులు ఇల్లు వదిలి అక్కడ నెలల తరబడి ఉండేవారు. ఇంట్లోనే ఉండి మందులు వాడినా అంతే ఫలితం వస్తుందని 1950ల చివరలో మద్రాసులో జరిగిన పరిశోధన చూపించింది. ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడిన 2020లో ఆ పద్ధతి విలువ మాకు బాగా తెలిసివచ్చింది.

పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలు ఆలస్యంగా, కొన్ని నెలలవి కలిపి ఖాతాలో పడ్డాయి. గుడ్లు, పప్పు కొనవలసిన సమయంలో ఆ డబ్బు చేతిలో లేదు. 2024 నవంబరు నుంచి ఆ మొత్తాన్ని 1000 రూపాయలకు పెంచారు, కానీ పెంచడం కన్నా వేళకు వేయడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ సేవను నేను సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. దగ్గు రెండు వారాలు దాటితే, కరోనా లేదా ఫ్లూ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా సరే, తెమడ పరీక్షను మీరే నోరు తెరిచి అడగండి. ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. దగ్గరి కేంద్రం తెలియకపోతే 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు.