బెర్లిన్ 100వ నంబరు బస్సు: దారిలో కలిసిన స్నేహితులతో నగర దర్శనం

బెర్లిన్‌లో 100వ నంబరు బస్సు పర్యాటకుల కోసం ప్రత్యేకంగా నడిపేది కాదు. అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి జూ స్టేషను వరకు వెళ్లే మామూలు సిటీ బస్సు అది. నగరం రెండుగా చీలి ఉన్న కాలం ముగిశాక, 1990లో, తూర్పు భాగాన్నీ పశ్చిమ భాగాన్నీ కలుపుతూ ఈ మార్గం మొదలైంది. జర్మనీ రాజధానిలో తప్పక చూడాలని అందరూ చెప్పే కట్టడాలలో చాలావరకు దీని దారిలోనే ఉన్నాయి కనుక, గైడు టూరుకు డబ్బు కట్టే ముందు ఒకసారి దీనిని ఎక్కి చూడమని నేను గట్టిగా చెబుతాను. హాస్టల్‌లోనో రైల్లోనో పరిచయమైన వారితో కలిసి తిరిగే వారికి ఇది మరింత బాగా సరిపోతుంది.

కొత్తగా కలిసిన వారికి ఒకరి అభిరుచులు మరొకరికి తెలియవు. మా నలుగురిలో ఒకరికి ఫొటోలే ప్రధానం, ఒకరికి చరిత్ర కావాలి, మరొకరు ప్రతి మ్యూజియం ముందూ ఆగిపోయేవారు. గైడు వెంట నడిచే గుంపులో ఇలాంటి తేడాలు మొహమాటంగా మారతాయి. నచ్చని చోట కూడా నిలబడాలి, నచ్చిన చోటు నుంచి కదలాలి. పగటిపూట ఈ బస్సు తరచుగా వస్తుంది కనుక ఆ ఇబ్బంది ఉండదు. దిగాలనుకున్నవారు దిగుతారు, మిగిలినవారు ముందుకు సాగి తర్వాతి స్టాపులో ఎదురుచూస్తారు. మొదటిసారి మాత్రం ఎక్కడా దిగకుండా చివరి వరకు వెళ్లడం మంచిది. ట్రాఫిక్కును బట్టి అరగంట, ముప్పావుగంట పట్టే ఆ ప్రయాణంలో డబుల్ డెక్కర్ పైఅంతస్తు నుంచి ఎవరికి ఏది నచ్చిందో తెలిసిపోతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో ఎక్కడెక్కడ దిగాలో నిర్ణయించుకోవడం తేలిక. ఆ పైఅంతస్తు ముందు వరుస సీట్ల కోసం మాత్రం చిన్నపిల్లలతో పోటీ పడక తప్పదు.

ఒక్క చోటే దిగే వీలుంటే నేను స్టాట్స్‌ఓపెర్ స్టాపును ఎంచుకుంటాను. అక్కడ ఉంటర్ డెన్ లిండెన్ వీధికి ఒక పక్క బేబెల్‌ప్లాట్జ్ మైదానం, మరో పక్క నోయె వాఖె స్మారకమందిరం ఉన్నాయి. 1933 మే 10న నాజీ విద్యార్థులు పుస్తకాలను తగలబెట్టింది ఆ మైదానంలోనే. రాళ్లు పరిచిన నేల మధ్య, దానికి గుర్తుగా అమర్చిన గాజు పలకలోంచి కిందికి చూస్తే, భూగర్భంలో తెల్లని ఖాళీ అరలు తప్ప ఏమీ కనిపించవు. ఎత్తయిన విగ్రహం కోసం వెతికేవారు దాన్ని గమనించకుండానే దాటిపోతారు. వీధి దాటి నోయె వాఖెలోకి వెళితే, చనిపోయిన కొడుకును ఒడిలో పెట్టుకున్న తల్లి విగ్రహం, దానిపైన కప్పులో గుండ్రని రంధ్రం మాత్రమే ఉంటాయి. వాన పడినా మంచు కురిసినా ఆ తల్లి మీదే పడుతుంది. అంతవరకు గలగలా మాట్లాడుకున్న మేము అక్కడ చాలాసేపు మాట్లాడలేదు.

బ్రాండెన్‌బుర్గ్ గేటు గుండా వాహనాలను అనుమతించరు. అందువల్ల బస్సు పక్కకు మళ్లి పార్లమెంటు భవనం వైపు వెళ్తుంది. ఆ మలుపు దగ్గర రోడ్డు మీద రెండు వరుసలుగా పరిచిన రాళ్లు నగరాన్ని రెండుగా చీల్చిన ఒకప్పటి బెర్లిన్ గోడ జాడను చూపుతాయి. పార్లమెంటు భవనం మీది గాజు గుమ్మటాన్ని వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ రూపొందించారు. దానిలోకి ప్రవేశం ఉచితమే కానీ, వచ్చే ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ ముందుగా నమోదు చేయాలి. ముందు రోజు పరిచయమైన వారి పుట్టిన తేదీ ఎవరికి తెలుస్తుంది? ఖాళీలు ఉంటే దగ్గరలోని నమోదు కేంద్రంలో అప్పటికప్పుడు పేర్లు రాయించుకోవచ్చు, అయితే సందర్శన సమయానికి కనీసం రెండు గంటల ముందే గుర్తింపు పత్రాలతో వెళ్లాలి. కాబట్టి పాస్‌పోర్టులు హాస్టల్ లాకరులో వదిలి రావద్దని అందరికీ ఉదయమే చెప్పడం మేలు.

ఆ తర్వాత దేశాధ్యక్షుడి అధికారిక భవనమైన బెల్‌వ్యూ, విజయస్తంభం వస్తాయి. 1873లో పార్లమెంటు ప్రాంతంలో నిలిపిన ఆ స్తంభాన్ని నాజీల కాలంలో ఇప్పుడున్న కూడలికి తరలించారు. 285 మెట్లెక్కే ఓపిక ఉంటే టియర్‌గార్టెన్ వనం మొత్తం కనిపిస్తుంది.

టికెట్టు విషయంలో కొంత లెక్క అవసరం. ఐదుగురి వరకు కలిసి వాడుకోగల 24 గంటల చిన్న బృందం టికెట్టు ఒకటి ఉంది. దాని ధర మూడు విడి 24 గంటల టికెట్ల కన్నా కొంచెం ఎక్కువ కనుక, ముగ్గురికి నష్టం, నలుగురికి లాభం. అయితే బృందం విడిపోతే ఆ టికెట్టు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మిగిలినవారు టికెట్టు లేని ప్రయాణికులవుతారు. మామూలు దుస్తుల్లో తిరిగే తనిఖీదారులకు దొరికితే జరిమానా 60 యూరోలు. నిన్న కలిసినవారు సాయంత్రం దాకా కలిసే తిరుగుతారన్న నమ్మకం లేకపోతే, కొంచెం ఖర్చు ఎక్కువైనా ఎవరి 24 గంటల టికెట్టు వారు కొనుక్కోవడమే సబబని నా అభిప్రాయం. యంత్రంలో కొన్న కాగితపు టికెట్టు మీద ప్రయాణం మొదలుపెట్టే ముందు ముద్ర వేయించుకోవడం మరిచిపోకూడదు.

ఈ బస్సులో స్టాపుల పేర్లు తప్ప వ్యాఖ్యానం వినిపించదు. చూసేదేమిటో ముందుగా చదువుకోనివారికి అది లోటే. ప్రదర్శనలు, పరుగు పోటీలు ఉన్న రోజుల్లో దారి మారుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, బెర్లిన్ గోడ ఈ దారిలో కనిపించకపోవడం. దానికోసం చివరి స్టాపైన జూ దగ్గర దిగి, 1943 బాంబుదాడిలో దెబ్బతిన్న గోపురాన్ని శిథిలంగానే నిలిపి ఉంచిన కైజర్ విల్‌హెల్మ్ చర్చిని చూసి, అదే టికెట్టుతో ఎస్-బాన్ అనే నగర రైలెక్కి ఓస్ట్‌బాన్‌హోఫ్ స్టేషనులో దిగితే, 1990లో చిత్రకారులు రంగులు వేసిన సుమారు 1.3 కిలోమీటర్ల గోడ స్ప్రే నది ఒడ్డున ఉంటుంది.