పాచికల లెక్కల్లో భిన్నమా, దశాంశమా: ఏది మేలు?

రెండు పాచికలు వేస్తే మొత్తం 7 వచ్చే సంభావ్యత 6/36. దాన్ని అలాగే ఉంచాలా, కొట్టేసి 1/6 అనాలా, 0.17 అని తేల్చేయాలా? లెక్క అక్కడితో ఆగిపోతే ఏదైనా ఒకటే. ఆ జవాబుతో ఇంకో లెక్క చేయాల్సి ఉంటే మాత్రం భిన్నమే మేలు. కూడికలుంటే 36ను కదపకపోవడం ఇంకా మేలు.

కారణం ఆ 36లోనే ఉంది: 36 = 2²×3². కొట్టివేతలన్నీ అయ్యాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం మిగలకపోతేనే దశాంశం అంతమవుతుంది. ఇక్కడ రెండు 3లూ పోవాలంటే లవం 9కి గుణిజం కావాలి. 2 నుంచి 12 దాకా ఒక్కో మొత్తం వచ్చే విధాలు వరసగా 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1. వీటిలో 9 ఎక్కడా లేదు. అంటే పదకొండు మొత్తాల్లో ఒక్కదానికీ అంతమయ్యే దశాంశం రాదు! విడి ఘటనలను కలిపితే వస్తుంది: మొత్తం 4కి గుణిజం కావడం (3+5+1 = 9 విధాలు) 0.25, మొత్తం సరిసంఖ్య కావడం 0.5, లబ్ధం సరిసంఖ్య కావడం 0.75. పరీక్షల్లో చాలామంది జారేది ఇక్కడే. 9/36 చూడగానే హారంలో 3 ఉంది కదా అని ఆవర్తనం (అంకెలు అంతం లేకుండా మళ్లీ మళ్లీ వచ్చే దశాంశం) అని రాసేస్తారు. ముందు కొట్టేసి, ఆ తర్వాతే హారం వంక చూడాలి.

ఇప్పుడు ఆ పదకొండింటినీ రెండు దశాంశ స్థానాలకు సవరించి కూడండి: 0.03, 0.06, 0.08, 0.11, 0.14, 0.17, మళ్లీ వెనక్కి. మొత్తం 1.01 వస్తుంది. సంభావ్యతల మొత్తం 1 దాటింది! మూడు స్థానాలు తీసుకున్నా 1.001. భిన్నాల్లో అయితే 36/36, గొడవే లేదు.

కూడికలో పోయేది కొంచెమే, ఘాతాల్లో జవాబే తిరగబడుతుంది. 1654లో ఫ్రెంచ్ గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో చర్చించుకున్న పాత లెక్కే తీసుకోండి: రెండు పాచికలను 24 సార్లు వేస్తే ఒక్కసారైనా జంట ఆరు పడుతుందని పందెం కాయవచ్చా? 1 − (35/36)²⁴ సుమారు 0.4914, అంటే సగానికి తక్కువ, కాయకూడదు. 35/36ను ముందే 0.97 చేసి ఘాతం వేస్తే 0.5186 వస్తుంది, కాయమంటుంది. 0.972 తీసుకుంటే 0.4942 వచ్చి తీర్పు నిలబడుతుంది కానీ, అది అదృష్టమే. సవరింపు చివర్లో ఒక్కసారే చేయాలి.

దశాంశంలోనే రాయాలనుకుంటే ఆవర్తన గీత (మళ్లీ మళ్లీ వచ్చే అంకెల మీద గీసేది) ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. 1/6లో గీత 6 మీదే ఉండాలి. 16 మీద గీస్తే అది 16/99 అయిపోతుంది.

ఇక దశాంశం గెలిచే చోట్లూ ఉన్నాయి. 671/1296 పెద్దదా, 19/36 పెద్దదా అంటే భిన్నాలు చూసి చెప్పడం కష్టం. 0.518, 0.528 అనగానే తేలిపోతుంది. నాలుగు, ఎనిమిది, ఇరవై ముఖాల పాచికలకు 0.25, 0.125, 0.05 కచ్చితంగానే వస్తాయి కాబట్టి ఏది వాడినా నష్టం లేదు. పన్నెండు ముఖాలదానికి మళ్లీ 3 బెడద.

అష్టాచెమ్మా గవ్వల సంగతి వేరు. వాటిని నాణేల్లా అనుకుంటే నాలుగు గవ్వలకు హారం 16, అన్నీ అంతమయ్యేవే. కానీ గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందన్న హామీ లేదు, వేసి లెక్కపెట్టాల్సిందే. 200 సార్లు వేస్తే 83 సార్లు వెల్లకిలా పడిందనుకోండి, 83/200 కన్నా 0.415 అని రాయడమే నయం, తర్వాతి 500 సార్ల ఫలితంతో పోల్చడానికి అదే పనికొస్తుంది.