హీలియాసోల్ సౌర ఫిల్ము: బరువు మోయలేని కప్పులకు అనువైనది

జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి చెందిన హీలియాటెక్ సంస్థ రూపొందించిన హీలియాసోల్ ఫిల్మును చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా తెలిసివచ్చేది దాని తేలికదనం. మామూలు సిలికాన్ ప్యానెల్ చదరపు మీటరుకు పది కిలోలకు పైగా తూగుతుంది, రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని ఈ ఫిల్ము రెండు కిలోల లోపే ఉంటుంది. వెనుకవైపు జిగురు ముందే పూసి ఉండడం వల్ల, ఇనుప చట్రాలు బిగించి కప్పుకు రంధ్రాలు వేసే అవసరం లేకుండా, శుభ్రం చేసిన ఉపరితలం మీద నేరుగా అంటించవచ్చు. ప్యానెళ్ల బరువు మోయలేక సౌరవిద్యుత్తుకు దూరంగా ఉండిపోయిన రేకుల గోదాములకు, గోడలకు ఇది నిజంగా ఉపయోగపడే వస్తువని నా అభిప్రాయం. సీసం, కాడ్మియం వాడకపోవడం మరో మంచి విషయం.

అయితే సామర్థ్యం విషయంలో ఇది బాగా వెనుకబడి ఉంది. నేటి సిలికాన్ ప్యానెళ్లు తమ మీద పడే వెలుతురులో ఇరవై శాతానికి పైగా కరెంటుగా మారుస్తుంటే, ఈ ఫిల్ము అందులో సగం కూడా మార్చదు. కాబట్టి చిన్న డాబా మీద ఎక్కువ కరెంటు కోరుకునేవారికి దీన్ని నేను సిఫారసు చేయను.

ఈ లోటుకు కారణం ఈ ఫిల్ములోని సేంద్రియ (కార్బన్ ఆధారిత) సౌర ఘటం, అంటే వెలుతురును కరెంటుగా మార్చే సెల్, పనిచేసే తీరులోనే ఉంది. వెలుతురు తగిలినప్పుడు సేంద్రియ పదార్థంలో పుట్టే ఉత్తేజిత స్థితి విద్యుదావేశాలుగా విడిపోయే చోటికి చేరకపోతే సుమారు పది నానోమీటర్ల దూరంలోనే ఆరిపోతుంది కనుక పొరలను మరీ పలచగా ఉంచాలి, పలచని పొరలేమో వెలుతురును చాలినంతగా పీల్చుకోలేవు. ఈ చిక్కుకు ఒక పరిష్కారం అణువులను పడుకోబెట్టడం. కాంతిని పీల్చుకునే జింక్ థాలోసయనిన్ వంటి బల్లపరుపు అణువులు సాధారణ గాజు మీద అంచుల మీద నిలబడతాయి. కింద కొద్ది నానోమీటర్ల కాపర్ అయొడైడ్ పొర వేస్తే అవి వెల్లకిలా పరుచుకుంటాయి. అప్పుడు పైనుంచి పడే కాంతిలోని విద్యుత్ క్షేత్రం అణువు తలంలోనే ఉండడం వల్ల శోషణ పెరుగుతుంది, అణువులు ఒకదానిపై ఒకటి దొంతరగా పేరుకోవడం వల్ల విద్యుదావేశానికి ఎలక్ట్రోడుల దాకా దారి సుగమమవుతుంది.

1986లో శాస్త్రవేత్త చింగ్ టాంగ్ చూపిన రెండు పొరల సేంద్రియ ఘటం సామర్థ్యం ఒక శాతం దగ్గర ఉంటే, 2016లో హీలియాటెక్ తన ప్రయోగశాల ఘటంతో 13.2 శాతాన్ని అందుకుంది. శూన్యంలో ఆవిరి రూపంలో పొర మీద పొర వేసే ఆ సంస్థ పద్ధతి ఇటువంటి అమరికకు అనువైనదే. కానీ అణువులను దారికి తెచ్చే మరో ఉపాయమైన అధిక వేడిని గాజు తట్టుకున్నట్టు ప్లాస్టిక్ తట్టుకోలేదు. చిన్న గాజుపలక మీద కుదిరిన అమరికను, చుట్టలుగా తిరిగే ప్లాస్టిక్ మీద మీటర్ల పొడవునా సాధించగలిగిన రోజున ఈ ఫిల్మును డాబా ఇళ్లవారికి కూడా ధైర్యంగా సూచిస్తాను.

కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. చోటుకు సరిపోలేదని ఫిల్మును కత్తిరించకూడదు, ఎందుకంటే అంచు తెగితే లోపలికి చేరే తేమ, ఆక్సిజన్ ఈ సేంద్రియ పొరలను పాడుచేస్తాయి.