ఆరుబయట పెట్టే ఫ్లో మీటర్: టెర్మినల్ బాక్స్ భేష్, గ్లాండ్లే లోటు

నీటి లైను మీద ఆరుబయట బిగించిన ఒక విద్యుదయస్కాంత ఫ్లో మీటర్‌ను (పైపులో పారే నీటి ప్రవాహాన్ని కొలిచే పరికరాన్ని) వానాకాలమంతా గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. కొలతలో దానికి వంక పెట్టడానికి లేదు. అయితే ఆరుబయట ఉండే పరికరాలు ఎక్కువగా టెర్మినల్ బాక్స్‌లోకి (తీగలను కలిపే పెట్టెలోకి) చేరిన తడి వల్లనే పాడవుతాయి కనుక, నా పరిశీలన ముఖ్యంగా అక్కడే సాగింది.

ఏసీ సరఫరా టెర్మినళ్లను రీడింగ్‌ను బయటికి పంపే 4-20 మిల్లీ ఆంపియర్ల అవుట్‌పుట్‌కు దూరంగా, స్క్రూ డ్రైవర్ లేనిదే ఊడని పారదర్శకమైన మూత కింద ఉంచడం నాకు బాగా నచ్చింది. సరఫరా ఆపి, స్విచ్‌కు తాళం వేసి, టెస్టర్‌తో చూసుకున్న తర్వాతే మూత తెరవాలన్న హెచ్చరికను మూత మీదే ముద్రించారు. ఎర్త్ స్క్రూ లోపలా బయటా కూడా ఉంది. నీటిని తాకే ఎలక్ట్రోడ్ల సిగ్నల్ మిల్లీవోల్టుల స్థాయికి మించదు కాబట్టి దాని కేబుల్‌ను మోటార్ల కేబుళ్లతో కలిపి లాగకూడదనీ, షీల్డ్‌ను (కేబుల్‌లోని లోహపు తొడుగును) ఒక కొసన మాత్రమే ఎర్త్ చేయాలనీ మాన్యువల్ బొమ్మలతో చెబుతుంది. రెండు కొసలనూ ఎర్త్ చేస్తే, ఆ రెండు చోట్ల పొటెన్షియల్‌లో ఉండే తేడా వల్ల షీల్డ్‌లో కరెంటు పారి రీడింగ్ ఊగిసలాడుతుంది. ప్లాస్టిక్ పైపులకు ఎర్తింగ్ రింగులు (నీటిని ఎర్త్‌కు కలిపే లోహపు వలయాలు) తప్పనిసరి అన్న సంగతిని మాత్రం ఎక్కడో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టారు. అది మొదటి పేజీలో ఉండవలసిన మాట.

అసలు లోటు గ్లాండ్లలో, అంటే కేబుల్ బాక్స్‌లోకి వెళ్లే రంధ్రం దగ్గర దాన్ని చుట్టూ పట్టి ఉంచే బిగింపుల్లో, ఉంది. పరికరం మీద ఐపీ67 అని రాసి ఉంది. అంటే దుమ్ము చొరబడదు, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి పోదు. అయితే గ్లాండ్‌లోని రబ్బరు కేబుల్‌ను చుట్టూ గట్టిగా పట్టినప్పుడే ఆ అంకెకు విలువ. దీనితో వచ్చిన ఎం20 (20 మిల్లీమీటర్ల మర ఉన్న) గ్లాండ్ లావు కేబుళ్లకు సరిపోతుంది గాని, సన్నని సిగ్నల్ కేబుల్‌ను ఎంత బిగించినా పట్టదు. కేబుల్‌ను వేలితో తిప్పితే రబ్బరులో తిరుగుతూనే ఉంటుంది. ఆ సందులో సిలికాన్ సీలెంట్ పూసి సరిపెట్టడం నేను ఒప్పుకోను. పుల్లటి వాసన వచ్చే రకం సీలెంటయితే, అది ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం రాగి తీగలను తుప్పు పట్టిస్తుంది కూడా. కేబుల్ మందానికి తగిన గ్లాండ్ కొని వేయడమే మార్గం. వాడని రంధ్రానికి వచ్చే ప్లాస్టిక్ బిరడా రవాణాకు మాత్రమే పనికొస్తుంది, దాని స్థానంలో ఓ-రింగు (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) ఉన్న లోహపు బిరడా బిగించాలి. పేలుడు వాయువులు ఉండే చోట అయితే గ్లాండ్‌కూ బిరడాకూ ఆ ప్రాంతానికి తగిన ధృవీకరణ ఉండి తీరాలి.

బాక్స్‌ను గొట్టం మీద తిప్పి బిగించుకునే వీలు ఉండడం వల్ల కేబుల్ రంధ్రాలు కిందికి చూసేలా పెట్టగలిగాను. గ్లాండ్‌కు ముందు కేబుల్‌ను కిందికి వంపు తిప్పితే, దాని వెంట జారే వాన నీరు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతుంది. మూత ఓ-రింగు మెత్తగా ఉంది, గాడిలో చక్కగా కూర్చుంటుంది. గ్లాండ్లు మార్చిన తర్వాత పెద్ద వానల మధ్య తెరిచి చూస్తే టెర్మినళ్లు పొడిగానే ఉన్నాయి, మూత లోపలి అంచున కూడా చెమ్మ కనిపించలేదు. ఎండ నేరుగా పడే చోట డిస్‌ప్లేకు నీడరేకు అవసరం, అది పెట్టెలో రాదు. గ్లాండ్లకూ బిరడాకూ నీడరేకుకూ అయ్యే ఖర్చును ముందే లెక్కలో వేసుకునేవారికి ఈ మీటర్‌ను నిస్సందేహంగా సూచిస్తాను.