చవక ప్రోగ్రామ్ ప్యాకేజీ కొన్న, కొనబోతున్న కమ్యూనిటీ రేడియో వాళ్లందరికీ: ముందు ఇది చదవండి

రాత్రి పదకొండు దాటింది. ఇప్పుడే స్టూడియో నుంచి ఇంటికొచ్చాను. నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి, కానీ చివరిదాకా చదవండి. ముఖ్యంగా మీ స్టేషన్‌లో కూడా ఈ ప్యాకేజీ నడుస్తుంటే.

నెలకు నాలుగు వేలకే రోజుకు నాలుగు గంటల తెలుగు ప్రోగ్రాములు, భక్తి, వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల కథలు అన్నీ రెడీమేడ్ అని మనందరికీ పోస్టర్లు పంపే ఆయన సంగతి. ఎవరో మీకు తెలుసు. ఆరు నెలలది ఒకేసారి కడితే మూడు వేలు తగ్గింపు అంటాడు. నేను కట్టాను. ఇరవై ఒక్క వేలు. పైగా "మీ స్టేషన్ పేరుతో చేసిస్తాం" అన్నందుకు ఇంకో పదిహేను వందలు.

ఎందుకు కట్టానో రెండు ముక్కల్లో చెప్తాను. మాది గోదావరి పక్కన చిన్న స్టేషన్. మనందరిలాగే వంద వాట్లు, గట్టిగా పది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ఉన్న ముగ్గురు వాలంటీర్లలో ఒకమ్మాయికి పెళ్లయింది, ఒకబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. రోజుకు ఎనిమిది గంటల ప్రసారం నింపాలి. అరగంట ఫీల్డ్ ప్రోగ్రామ్ చెయ్యాలంటే ఒక పూట తిరగాలి, ఒక పూట ఎడిట్ చెయ్యాలి. గంటకు 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చని 2024లో పెంచారు, పది సెకన్లకు 74 రూపాయల రేటూ ఉంది, బాగానే ఉంది. వేసుకోవడానికి ప్రకటనలు రావాలి కదా. వచ్చినవాటి బిల్లు చేతికి రావాలి కదా. అలాంటప్పుడు నాలుగు వేలకి నాలుగు గంటలంటే నాకు ఎండలో మజ్జిగ దొరికినట్టు అనిపించింది. మనది సగం స్థానిక కార్యక్రమాలే ఉండాలన్న నిబంధనకు మిగతా నాలుగు గంటలూ సరిపోతాయని లెక్క కూడా వేసుకున్నాను.

శాంపిళ్లు బాగున్నాయండి. నిజంగా బాగున్నాయి. ఉచ్చారణ శుభ్రంగా ఉంది, మాట్లాడేవాళ్లు హడావిడి లేకుండా మాట్లాడారు. మొదటి పది రోజులు ప్రతి ఫైలూ నేనే కూర్చుని విన్నాను. ఎక్కడా వంక లేదు. పదకొండో రోజు నుంచి వినడం మానేశాను. రాత్రి డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్‌లో పడేస్తే పొద్దున్న ఆటోమేషన్ దానంతటది ప్లే చేసేది. నేను ఆ టైములో ఇంట్లో పిల్లలకు టిఫిన్ కట్టుకునేదాన్ని. ఇక్కడే నేను తప్పు చేశాను. స్టేషన్ నాది, లైసెన్సు మా సంస్థది, వినకుండా వదిలింది నేను.

ఇప్పుడు అసలు విషయం. "మీ స్టేషన్ పేరుతో" అన్నాడని చెప్పాను కదా, దానికోసం నా గొంతు అడిగాడు. "మేడమ్, మీ వాయిస్‌లో ఒక పన్నెండు లింకులు రికార్డు చేసి పంపండి. ప్రోగ్రామ్ ముందూ వెనకా వేస్తే వినేవాళ్లకు మీరే చేసినట్టు ఉంటుంది" అన్నాడు. లింకులంటే ప్రోగ్రాముకు ముందూ వెనకా వచ్చే చిన్న చిన్న మాటలు. ఒక ఆదివారం కూర్చుని చేశాను. "నమస్కారం, శుభోదయం." "మన ఆరోగ్యం మన చేతుల్లోనే ఉంది." "మళ్లీ రేపు ఇదే సమయానికి కలుద్దాం." ఆ పన్నెండింటిలో ఒకటి, "ఇప్పుడు చెప్పే మాట మాత్రం జాగ్రత్తగా వినండి, మనలో చాలామందికి పనికొస్తుంది." వడదెబ్బ గురించో, ఓఆర్ఎస్ గురించో చెప్పే ముందు వాడతారనుకుని ఎంతో శ్రద్ధగా, కొంచెం ఆప్యాయంగా చదివాను.

మొన్న మధ్యాహ్నం పక్క ఊరి ఏఎన్ఎమ్ ఫోన్ చేసింది. "అక్కా, మీ రేడియోలో షుగర్ బిళ్లలు మానెయ్యమని చెప్తున్నారా?" అంది. నాకు అర్థం కాలేదు. "మీ రేడియో వినే మామ్మ ఒకావిడ పన్నెండు రోజుల నుంచి బిళ్లలు వేసుకోవట్లేదు. ఇప్పుడే చూశాను, షుగర్ మూడు వందల ఎనభై దాటింది. ఆస్పత్రికి పంపుతున్నాం" అంది.

బండేసుకుని వెళ్లాను. అప్పటికే ఆటో మాట్లాడి ఎక్కిస్తున్నారు. ఆ మామ్మ నాకు బాగా తెలుసు. పోయినేడు బతుకమ్మ పాటలకీ గొబ్బి పాటలకీ తేడా ఏమిటని మేం ప్రోగ్రామ్ చేస్తే, గొబ్బి పాటలు పాడింది ఈవిడే. వాళ్లింట్లో బియ్యం డ్రమ్ము మీద ఒక చిన్న రేడియో ఉంటుంది. మనవళ్లు తిప్పేస్తే మళ్లీ దొరకదని, మా స్టేషన్ దగ్గర ఆగేలా ముల్లు తిప్పే చక్రానికి అడ్డంగా రబ్బరు బ్యాండు వేసి పెట్టింది. ఆ రేడియో పక్కనే ఏదో పొడి ఉన్న తెల్ల డబ్బా. నలభై రోజుల్లో షుగర్ మూలాలతో సహా పోతుందని, ఇంగ్లీషు బిళ్లలు అక్కర్లేదని దాని మీద రాసి ఉంది. పద్దెనిమిది వందలు. మనవడి ఫోన్‌పేతో కట్టించుకుంది. పింఛను డబ్బులు.

"ఎవరు చెప్పారు మామ్మా ఇది వాడమని?" అన్నాను.

"అదేంటమ్మాయ్, నువ్వే కదా చెప్పావు. జాగ్రత్తగా వినండి అని మరీ చెప్పావు. నీ గొంతు నాకు తెలీదా?" అంది.

ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. అంత నీరసంలోనూ, వచ్చినందుకు మంచినీళ్లు ఇమ్మని కోడలికి చెప్పింది. నేను ఆ గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయాను.

స్టేషన్‌కి వచ్చి ఆ ఫైళ్లన్నీ తెరిచాను. శబ్దాన్ని గీతల బొమ్మగా చూపించే ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే చెవులతో పని లేకుండా కళ్లకే కనిపిస్తోంది. మొదటి పదకొండు నిమిషాలు మామూలు మాట, ఊపిరి తీసుకున్నచోట సన్నబడుతూ, మాట్లాడినచోట ఉబ్బుతూ ఉంది. పదకొండో నిమిషం దగ్గర నా లింకు. ఆ వెంటనే ఇటుక గోడ కట్టినట్టు పైనుంచి కిందిదాకా నిండుగా రెండున్నర నిమిషాల ముక్క. వేరే గదిలో, వేరే మైకులో చేసింది. "డాక్టర్ గారు" అని ఒకాయన మాట్లాడతాడు, ఏ ఊరు, ఏం చదివాడు ఏమీ ఉండదు. ముగ్గురు "నాకు తగ్గిపోయింది" అంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరిది ఒకే గొంతు. చివర ఫోన్ నంబరు మూడుసార్లు. ఆ తర్వాత మళ్లీ పాత గొంతు వచ్చి మెంతుల గురించి చెప్తుంది, మధ్యలో ఏమీ జరగనట్టు. మొదటి రెండు వారాల ఫైళ్లలో ఇది ఒక్కచోట కూడా లేదు. మూడో వారం నుంచి ప్రతి ఆరోగ్యం ఫైల్లోనూ ఉంది. అంటే మనం వినడం ఎప్పుడు మానేస్తామో ఆయనకు తెలుసు.

ఆయనకు ఫోన్ చేశాను. ఆ ఫోన్ గురించి పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఈ రోజంతా అదే చెవుల్లో మోగుతోంది.

ముందు మర్యాదగానే మాట్లాడాడు. "చెప్పండి మేడమ్" అన్నాడు. చెప్పాను. "నాలుగు వేలకి నాలుగు గంటలు ఎలా వస్తాయనుకున్నారు మేడమ్? స్పాన్సర్ ఉంటాడు కదా" అన్నాడు. ఆ మాట మాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు" అన్నాడు. కమ్యూనిటీ రేడియోలో ప్రైవేటు స్పాన్సర్డ్ ప్రోగ్రాములు కుదరవని, అది ప్రకటనలా కాకుండా ప్రోగ్రామ్‌లా వేయడం ఇంకా తప్పని, షుగర్ నయం చేస్తామని ప్రచారం చేయడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం కింద నేరమని చెప్పాను. "మీలాంటి స్టేషన్లు నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. ఒక్కరూ ఇలా లా పాయింట్లు తీయలేదు" అన్నాడు.

మామ్మ సంగతి చెప్పాను. బిళ్లలు మానేసి ఆస్పత్రిలో పడిందని చెప్పాను. ఒక్క క్షణం ఆగుతాడు, అయ్యో అంటాడు అనుకున్నాను. ఆగలేదు.

"మేడమ్, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. మీ వంద వాట్ల స్టేషన్ ఎవరు వింటారండీ? నలుగురు ముసలాళ్లు. వాళ్ల కోసం ఇంత రాద్ధాంతమా? కావాలంటే డబ్బాకి వంద చొప్పున మీకూ పంపిస్తాను, స్టేషన్ ఖర్చులకు పనికొస్తాయి."

నేను జవాబు చెప్పలేకపోయాను. గొంతు పూడుకుపోయింది. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఎన్ని అనాల్సిందో ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఎవరు వింటారని అడిగిన మనిషి, వింటారనే కదా రెండున్నర నిమిషాలు దూర్చాడు! వినే నలుగురిలో ఒకావిడ పద్దెనిమిది వందలు పెట్టి కొంది కదా! 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంగం రేడియో పెట్టినప్పుడు వాళ్ల యాసలో, వాళ్ల విత్తనాల గురించి వాళ్లే మాట్లాడుకున్నారు. ఎవరు వింటారని లెక్కేసుకుని మొదలుపెట్టారా వాళ్లు? మనం ఈ పనిలో ఉన్నదే ఆ నలుగురి కోసం. ఆ నలుగురికి టీవీలో, యూట్యూబ్‌లో ఎవరేం చెప్పినా నమ్మరు, మన రేడియోలో వస్తే నమ్ముతారు. ఆయన కొన్నది ఆ నమ్మకాన్ని. నేను దాన్ని పన్నెండు లింకులుగా రికార్డు చేసి, నా చేత్తో నేనే, పైన పదిహేను వందలిచ్చి మరీ పంపాను.

డబ్బు వాపసు అడిగితే ఇన్వాయిస్ చూసుకోమన్నాడు. చూశాను. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "భాగస్వామి సందేశాలు చేర్చే హక్కు సంస్థకు ఉంటుంది" అని ఉంది. నేను సంతకం పెట్టిన కాగితమే. సాయంత్రానికి నా నంబరు బ్లాక్ చేశాడు. నా గొంతు ఫైళ్లు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. డబ్బు పోతే పోయింది, ఆ ఫైళ్లు రేపు ఏ ఊళ్లో దేనికి వాడతాడోనని నాకు టెన్షన్‌గా ఉంది.

మామ్మ ఇప్పుడు బాగానే ఉంది. షుగర్ దిగింది, ఇంకో రోజు ఉంచి పంపిస్తామన్నారు. నిన్న, ఇవాళ పొద్దున ఆరున్నరకు నేనే లైవ్‌లో కూర్చుని ఆ పొడి ఎవరూ వాడొద్దని, బిళ్లలు మానొద్దని, ఆ మాట మా స్టేషన్ నుంచి వెళ్లినందుకు క్షమించమని చెప్పాను. ఇంకో ముగ్గురు ఫోన్ చేసి మేమూ కొన్నాం అన్నారు. ముగ్గురినీ ఏఎన్ఎమ్ వెళ్లి చూసొచ్చింది. వినకుండా ఉన్నవాళ్లు ఎంతమందో తెలియదు కాబట్టి రేపు మా వాలంటీర్ మైకు కట్టుకుని ఊళ్లన్నీ తిరుగుతున్నాడు.

లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. ప్రోగ్రామ్ ఎవరు చేసినా, ఎక్కడ కొన్నా, ప్రసారమైనదానికి జవాబుదారీ మనమే. మొదటి తప్పుకే నెల రోజుల వరకు ప్రసారం ఆపించే అధికారం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖకు ఉంది. వేసిన ప్రతిదీ మూడు నెలలు దాచి పెట్టాలి కాబట్టి చెరిపేస్తే సరిపోతుందని కూడా అనుకోకండి. నేను చెరపలేదు. ఫైళ్లన్నీ, ఇన్వాయిస్, ఫోన్‌పే రసీదు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి మా సంస్థ పెద్దలకు ఇచ్చాను. మంత్రిత్వ శాఖకు మేమే ముందుగా రాస్తున్నాం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు రేపు ఇస్తున్నాం.

బయట ప్రోగ్రాములు అసలు కొనొద్దని నేను అనను. మనుషులు లేనప్పుడు ఏం చేస్తాం. కానీ నెల నెలా కట్టండి, ఆరు నెలలది ఒకేసారి కట్టకండి. లోపల ఎవరి సందేశమూ ఉండకూడదని కాగితం మీద రాయించుకోండి. పేరూ జింగిలూ మీ దగ్గరే మీరే కలుపుకోండి, మీ గొంతు మాత్రం ఎవరికీ పంపకండి. వారానికి ఒక్క ఫైలైనా, ఏదో ఒకటి లాగి, మొదటినుంచి చివరిదాకా వినండి. పొరుగు స్టేషన్లతో మాట్లాడుకుని వాళ్లవి మనం, మనవి వాళ్లు మార్చుకుంటే ఇంకా మంచిది. పక్క జిల్లా వాళ్లతో నేను ఆ మాట ఇవాళే మొదలుపెట్టాను.

ఆ పద్నాలుగు స్టేషన్లలో మీరున్నారేమో నాకు తెలియదు. ఉంటే పొద్దున దాకా ఆగొద్దు. ఆటోమేషన్‌లో రేపటి ఆరోగ్యం స్లాట్ ఇప్పుడే తీసేయండి. మూడో వారం తర్వాత వచ్చిన ఫైలు ఏదైనా ఒకటి తెరిచి, పదకొండో నిమిషం దగ్గర పెట్టి వినండి.